పావగడ సీమలో వసంతాంతపు గాలివానలు

తుమకూరు జిల్లాకు ఉత్తరపు కొసయందు, మూడు దిక్కుల ఆంధ్రదేశముచే చుట్టబడి, కర్ణాటకముననుండియు ఇంట తెలుగు పలుకుచున్న సీమ పావగడ తాలూకా. మధుగిరి నుండి పావగడకు బస్సులో పోవువారు నడుమ కొంత దూరము ఆంధ్ర రాష్ట్రపు నేలమీదుగానే పోవుదురు. కసబా, నిడగల్లు, నాగలమడక, వై. ఎన్. హొసకోట అను నాలుగు హోబళీలు గల ఈ తాలూకాలోని కోటలను గూర్చియు, శాసనములను గూర్చియు పండితులు వ్రాసియున్నారు. శనైశ్చరస్వామి ఆలయమును గూర్చి చెప్పనే అక్కఱలేదు. ఇచ్చటి ఆకాశమును గూర్చి మాత్రము “అక్కడ వానలు లేవు” అను ఒక్క మాటతో అందఱును తృప్తి పడుచున్నారు. చైత్ర వైశాఖములలో ఈ సీమను తాకు గాలివానలను చూచినవారికి ఆ మాట చాలదని తెలియును. ఆ గాలివానలలో వాన కొంచెము, గాలి మిక్కుటము, అప్పుడప్పుడు వడగండ్లు. వాన ఇంత స్వల్పమై గాలి అంత బలిష్ఠముగా నుండుటకు కారణమేమి? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటయే ఈ వ్యాసమునకు ముఖ్యోద్దేశము.

మొదట స్థలమును గూర్చి కొంత చెప్పవలెను. పావగడ ఉత్తర అక్షాంశము 14 డిగ్రీలకు కొంచెము పైన, సముద్రమట్టమునకు సుమారు 650 మీటర్ల ఎత్తున నున్నది. పటముపై కొలిచి చూచినచో పడమట అరేబియా సముద్రము సుమారు 300 కిలోమీటర్లు; తూర్పున బంగాళాఖాతము కూడ దాదాపు అంతే దూరము. రెండు సముద్రములకు సరిగా నడుమనున్న నేలకు రెండింటి నీరును అందవలెనని ఎవరికైనను తోచును. జరుగుచున్నది వేఱు. నైరృతి ఋతుపవనము తన నీటిని సహ్యాద్రి పడమటి వాలుపైననే కుమ్మరించును. అచ్చటి ఆగుంబెలో ఏటికి 7,000 మిల్లీమీటర్లకు పైబడి కురియగా, కొండలు దిగి తూర్పునకు వచ్చు గాలి వేడెక్కి పొడిబాఱిపోవును. ఈశాన్య ఋతుపవనము తన వంతు నీటిని కోస్తాలోను, తూర్పు కనుమలలోను చాలవఱకు విడిచి వచ్చును. ఈ కారణములచే పావగడకు దక్కునది ఏటికి ఇంచుమించు 500 నుండి 600 మిల్లీమీటర్లు మాత్రమే. అందును హెచ్చుభాగము సెప్టెంబరు, అక్టోబరు నెలలలో పడును. మిగిలిన కాలమున ఉత్తర పినాకిని ఇసుక మేటగా నుండును. గొట్టపు బావులలోని నీటియందు ఫ్లోరైడు హెచ్చు. ఇట్టి నేలపై ఏటి తొలివాన ఎప్పుడు పడునో, ఎట్లు పడునో అనునది ఊసుపోక చెప్పుకొను ముచ్చట కాదు.

ఆ తొలివాన ఏప్రిల్, మే నెలలలో ఋతుపవనమునకు ముందుగా వచ్చును. ఈ కాలమున దక్కను పీఠభూమిపై రెండు గాలులు ఎదురుపడును. ఒకటి బంగాళాఖాతము నుండి ఆగ్నేయముగా వీచు తేమగాలి. రెండవది వాయవ్యమునుండి భూమి మీదుగా వచ్చు పొడిగాలి. ఇవి కలియు రేఖ విదర్భ ప్రాంతమున మొదలై, తెలంగాణము లేక మరాఠ్వాడా మీదుగా, కర్ణాటకపు లోభాగమును దాటి, తమిళదేశము వఱకు సాగియుండును. వార్తాపత్రికలలో వేసవియందు నిత్యము కానవచ్చు “ద్రోణి” అను మాట సాధారణముగా దీనినే తెలుపును. ఆ రేఖ ఒకచోట నిలువదు. ఒకనాడు తూర్పునకు, ఒకనాడు పడమరకు జరుగుచుండును. అది పావగడకు చేరువగా వచ్చిన దినమున, నేల 38, 39 డిగ్రీల వేడికి కాగియున్నచో, మధ్యాహ్నము మూడు నాలుగు గంటల వేళకు మేఘము లేచును. చెట్టులేని నల్లఱాతి గుట్టలు ఎండకు త్వరగా వేడెక్కి, తమపైనున్న గాలిని ముందుగా పైకి పంపుటచే, మేఘము తఱచుగా గుట్టల తలమీదనే పుట్టినట్లు కానవచ్చును.

పైకి పోవు గాలి వ్యాకోచించి చల్లబడును. మేఘము కట్టనంతవఱకు ప్రతి కిలోమీటరునకు సుమారు పది డిగ్రీలు తగ్గును. కొంత ఎత్తున గాలిలోని తేమ నీటి తుంపరలుగా మాఱును. మేఘపు అడుగు అదియే. తేమ నీరుగా మాఱునపుడు వెలువడు వేడిచే మేఘములోని గాలి చుట్టునున్న గాలికంటె తేలికయై ఇంకను పైకెగయును. మంచి బలముగల వేసవి మేఘపు శిఖరము 12 నుండి 15 కిలోమీటర్ల ఎత్తునకు చేరును. వేసవిలో మన ప్రాంతమున 5 కిలోమీటర్ల ఎత్తుననే ఉష్ణోగ్రత సున్న డిగ్రీలకు దిగిపోవును. కావున క్రింద జనులు వడగాలికి అల్లాడుచుండగా, వారి తలపైనున్న మేఘములో సగమునకు మించినది మంచుదేశమై యుండును. అచ్చట మంచు రేకులున్నవి. సున్న డిగ్రీలకు దిగువనున్నను ఇంకను గడ్డకట్టక ద్రవముగానే నిలిచియుండు నీటి బిందువులును ఉన్నవి. ఈ బిందువులు ఏదేని మంచుగుళికను తాకినంతనే దానిపై గడ్డకట్టును. పైకి వీచు గాలి ఆ గుళికను మోయగలిగినంతసేపు అది పెరుగుచునే యుండును. నీరు మెల్లగా గడ్డకట్టిన పొర గాజువలె స్వచ్ఛముగాను, గాలి బుడగలను పట్టి త్వరగా గడ్డకట్టిన పొర పాలవలె తెల్లగాను ఉండును. ఒక వడగల్లును నడిమికి కోసి చూచినచో ఉల్లిపాయవలె ఈ పొరలు కనబడును. రెండు సెంటీమీటర్ల వడగల్లును గాలిలో నిలుపుటకు సెకనుకు 20 మీటర్ల వేగముతో, అనగా గంటకు 72 కిలోమీటర్ల వేగముతో నిట్టనిలువుగా వీచు గాలి కావలెను. ముంగిట రాలిన వడగల్లు పరిమాణమును బట్టియే పై మేఘములోని గాలి బలమును మనము అంచనా వేయవచ్చును.

వరాహమిహిరుడు బృహత్సంహితలో మేఘములు గర్భము ధరించి 195 దినములకు ప్రసవించునని చెప్పుచు, సకాలమున ప్రసవింపని నీరు తరువాత కరకలతో కూడి పడుననియు, ఆవుపాలు చిరకాలము నిలువ యుంచిన గట్టిపడునట్లే కాలము మించిన నీరును గట్టిపడుననియు వ్రాసెను. లెక్క మనకు నేడు పనికిరాకపోవచ్చును. అయినను మేఘములో నీరు ఎంత ఎక్కువసేపు నిలిచిన అంత గట్టి రాయి అగును అను భావము సత్యమునకు దూరము కాదు. ఇక మాట విషయమున, తెలుగువారు వడగల్లనిరి, కన్నడిగులు ఆలికల్లనిరి. ఇరువురును దానిని కల్లే, అనగా రాయియే, అనిరి. పావగడ పిల్లలు రెండు పేళ్ళతోను దానిని ఏరుకొని నోట వేసికొందురు.

ఇచ్చట ఒక ప్రశ్న పుట్టును. మేఘములో మంచు రేకులున్నప్పుడు అవి మంచుగానే నేలకేల పడవు? ఉత్తర అమెరికాలో నెవడా, ఆరిగాను రాష్ట్రముల ఎత్తైన ఎడారులలో మే నెలయందును గాలితో, వానతో, మంచుతో కూడిన తుపానులు వచ్చుచుండును. ఆ నేలలును మన నేలవలెనే పర్వతముల చాటున వాన కఱవైనవి. మనకు సహ్యాద్రి ఎట్లో వారికి సియెరా నెవడా, కాస్కేడు పర్వతములట్లు. కాని అవి 40 డిగ్రీల అక్షాంశమునకు అటునిటు, వేయి మీటర్లకు పైబడిన ఎత్తున నున్నవి. ఉత్తరమునుండి చలిగాలి దిగివచ్చినపుడు గడ్డకట్టు మట్టము నేల వఱకును జాఱిపోవును. పావగడలో ఆ మట్టము నేలకు నాలుగు కిలోమీటర్లకు పైనుండును. మంచు రేకు సెకనుకు ఒక మీటరు చొప్పున మెల్లగా దిగును. నాలుగు కిలోమీటర్ల వెచ్చని గాలిని దాటుటకు దానికి గంటకు పైగా పట్టును. అంతవఱకు అది మిగులదు, కరగి చినుకగును. రెండు సెంటీమీటర్ల వడగల్లు అదే దూరమును నాలుగు నిమిషములలోపల దాటివచ్చును. కొంత కరగినను రాయిగానే నేలను తాకును. కావున పావగడలో పడు పెద్ద చినుకులలో చాలభాగము పైన మంచుగా పుట్టినవే. ఆ మంచులో కరగుటకు వ్యవధి దొరకనిదే వడగల్లు.

ఇప్పుడు గాలి విషయము. వేసవి మేఘము ఉఱిమి, దుమ్ము లేపి, రెండు చినుకులు రాల్చి పోయినపుడు ఈ ప్రాంతపు రైతు “వానను గాలి ఎత్తుకొని పోయింది” అనును. పావగడలోనే గాదు, అనంతపురము, హిందూపురము, మడకశిర ప్రాంతములన్నిట ఈ మాట వినబడును. చూచువారికి అట్లే తోచును. కాని జరిగినది ఇంచుమించు తలక్రిందులు. గాలి వానను ఎత్తుకొని పోలేదు; వానయే గాలిగా మాఱినది.

దీనిని కొంత వివరింపవలెను. మేఘపు అడుగు ఎంత ఎత్తున నుండునో తెలిసికొనుటకు ఒక సులభమైన లెక్క కలదు. నేలమీది గాలి ఉష్ణోగ్రతకును, అందలి తేమ నీరుగా మాఱ మొదలిడు ఉష్ణోగ్రతకును గల భేదమును 125తో గుణించినచో వచ్చునది మీటర్లలో మేఘపు అడుగు ఎత్తు. సముద్రతీరమున గాలి 33 డిగ్రీలు, రెండవది 26 డిగ్రీలు అనుకొన్నచో భేదము ఏడు. మేఘపు అడుగు 900 మీటర్లకు లోపలనే యుండును. పావగడలో గాలి 39 డిగ్రీలు, రెండవది 15 డిగ్రీలు అనుకొన్నచో భేదము ఇరువది నాలుగు. మేఘపు అడుగు 3,000 మీటర్ల ఎత్తున నుండును. అనగా ఇచ్చటి చినుకు మేఘమును విడిచిన తరువాత మూడు కిలోమీటర్ల పొడిగాలిలో ప్రయాణము చేయవలెను. దారిలో అది ఆవిరియగుచు వచ్చును. నీరు ఆవిరియగుటకు వేడి కావలెను గదా. ఆ వేడిని చుట్టునున్న గాలినుండియే తీసికొనును. ఒక కిలోగ్రాము గాలిలో ఒక గ్రాము నీరు ఆవిరియైనచో ఆ గాలి సుమారు రెండున్నర డిగ్రీలు చల్లబడును. వడగండ్లు కరగునపుడు తీసికొను వేడి దీనికి అదనము. చల్లబడిన గాలి బరువెక్కును. బరువెక్కిన గాలి రాయివలె క్రిందికి దిగి, నేలకు తగిలి, ఇంటిపైనుండి కుమ్మరించిన కడవెడు నీరు ముంగిలి నలుదెసలకు చిమ్మినట్లు చిమ్ముకొని పోవును. చినుకు పడకముందే మనకు తగులు చల్లని విసురు అదియే. దానితో లేచు ఎఱ్ఱని దుమారమును అదియే. గంటకు 60, 80 కిలోమీటర్ల వేగము దానికి అరుదు కాదు.

ఇట్లు క్రిందికి కూలు గాలిని శాస్త్రజ్ఞులు స్పష్టముగా గుర్తించి పేరు పెట్టినది కూడ ఎంతో కాలము క్రిందటి మాట కాదు. 1975 జూన్ 24వ తేదీన న్యూయార్కు విమానాశ్రయము చెంత దిగబోవుచున్న ఒక విమానము ఉఱుముల వానలో కూలిపోయెను. ఆ ప్రమాదమును పరిశోధించిన జపాను దేశీయుడైన ఫుజితా అను శాస్త్రజ్ఞుడు, మేఘమునుండి క్రిందికి దూకు గాలిధార విమానమును నేలకు అదిమినదని నిరూపించి, దానికి “డౌన్‌బరస్టు” అను పేరు పెట్టెను. మొదట పలువురు నమ్మలేదు; తరువాతి పరిశోధనలు ఆయన మాటనే బలపఱచినవి. నేల ఎంత పొడిగా నున్న చినుకు అంత ఎక్కువగా ఆవిరియగును. చినుకు ఎంత ఆవిరియైన గాలి అంత బరువుగా కూలును. పావగడవంటి మెట్టసీమలో వేసవి గాలి ఇంత క్రూరముగా నుండుటకు ఇచ్చటి అనావృష్టియే ఒక కారణము. కఱవు నేలకు రావలసిన నీటిలో కొంత పైననే ఖర్చయి, ఆ నీటి బలముతోనే ఇంటి రేకులు లేచిపోవుచున్నవి.

కార్తెల లెక్క తెలిసిన పెద్దలు ఈ వానలను మంచిచెడ్డలుగా విభజించి పెట్టినారు. “భరణి కురిస్తే ధరణి పండును” అను సామెత తెలుగువారిలో కలదు; కన్నడమునను భరణికిని ధరణికిని ప్రాస కుదిర్చి ఇదే అర్థము చెప్పుదురు. భరణి కార్తె ఏప్రిల్ చివరివారమున మొదలై మే 10వ తేదీ ప్రాంతమున ముగియును. అప్పుడొక మంచి వాన పడినచో నేల పదునెక్కి వేసవి దుక్కి సాగును. గట్టిపడిన పైపొర విఱుగును. కలుపు ముందే మొలచి దున్నుటలో చచ్చును. జూన్, జూలైలలో పడు వాన లోపలికి ఇంకును. వేరుసెనగ విత్తు సీమకు ఇది చిన్న మేలు కాదు. మెట్టరైతు దృష్టిలో ఈ వాన వరము. బోరునీటితో తోట పెట్టినవాని దృష్టి వేఱు. మామిడి కాయ బరువెక్కు కాలమును, దానిమ్మ, అరటి, బొప్పాయి తోటలు కాపున నుండు కాలమును ఇదియే. ఐదు నిమిషముల వడగండ్లకు దానిమ్మకాయ మచ్చపడి ధర కోల్పోవును. మల్బరి ఆకు చిల్లులుపడి పట్టుపురుగుకు మేత చాలకపోవును. అరటి నడుమకు విఱుగును. ఒకే ఊరిలో ఒకే మేఘమునకు ఒకడు దండము పెట్టగా, గట్టుకు అవతలివాడు తలపై చేతులు పెట్టుకొని కూర్చుండుట నేడు అరుదైన దృశ్యము కాదు. బోరుబావులు పెరిగిన కొలది ఈ రెండవ పక్షము పెరుగుచున్నది.

గాలికిని వడగంటికిని గల భేదము ఇచ్చట డబ్బు వ్యవహారముగా మాఱును. కేంద్ర ప్రభుత్వము ప్రకృతి విపత్తులుగా గుర్తించిన పట్టికలో వడగండ్ల వాన పేరు కలదు. 2022 నుండి 2026 వఱకు వర్తించు ప్రమాణముల ప్రకారము మూడవవంతు లేక అంతకు మించి పంట పోయినచో, హెక్టారుకు వర్షాధారమునకు 8,500 రూపాయలు, నీటి వసతిగల భూమికి 17,000, బహువార్షిక తోటలకు 22,500 నిర్ణయింపబడినవి. పంటల బీమా పథకములోను వడగండ్లు స్థానిక విపత్తులలో పేర్కొనబడినవి. నష్టమును 72 గంటలలోపల తెలుపవలెను. వట్టి గాలి పేరు కేంద్రపు పట్టికలో లేదు. రాష్ట్రములు తమ స్థానిక విపత్తులను వేఱుగా ప్రకటించుకొను వీలున్నను, రైతు చేతికి మొదట వచ్చు ప్రశ్న “వడగండ్లు పడెనా?” అనునదియే. పైన చెప్పిన విధముగా పావగడలో వడగల్లు కరగి, చినుకు ఆవిరియై, వట్టి గాలియే నేలను చేరుట సర్వసాధారణము. అదే మేఘము, అదే మంచు. చేరిన రూపము వేఱగుటచే నష్టము కాగితముపైకి ఎక్కుట కష్టమగుచున్నది. మెట్టసీమల వాతావరణము తెలిసినవారు పట్టిక వ్రాసియుండిన గాలికిని ఒక పంక్తి దక్కెడిది కాబోలునని తోచుచున్నది. కావున గాలి తగ్గిన వెంటనే ఆరుబయట వడగండ్లు కరగకముందే పంటతోసహా ఛాయాచిత్రములు తీసి యుంచుకొనుట మేలు. గంటసేపటికి సాక్ష్యము నీరైపోవును.

ఈ తాలూకాలో ఎండను నమ్ముకొన్న క్రొత్త పంట ఒకటి 2018 నుండి లేచినది. నాగలమడక హోబళిలో తిరుమణి, బాలసముద్రము, క్యాతగానచెర్లు, వల్లూరు, రాయచెర్లు గ్రామముల పరిధిలో 13,000 ఎకరములపై సౌరవిద్యుత్ కేంద్రము నెలకొనినది. దాని సామర్థ్యము 2,050 మెగావాట్లు. భూమిని కొనక ఎకరమునకు ఏటికి 21,000 రూపాయల చొప్పున కౌలుకు తీసికొనిరి. చెఱువుల జాడ వినబడు ఊరిపేళ్ళ నడుమ నేడు గాజుపలకలు పఱచియున్నవి. ఆ పలకలను పరీక్షించు అంతర్జాతీయ ప్రమాణములో 25 మిల్లీమీటర్ల మంచుగుండును సెకనుకు 23 మీటర్ల వేగముతో కొట్టి చూచుట ఒక భాగము. ఆ కొలతకు మించిన వడగండ్లు ప్రపంచమున లేకపోలేదు. 1986 ఏప్రిల్ 14వ తేదీన బంగ్లాదేశములోని గోపాల్‌గంజ్ వద్ద ఒక్కొక్కటి కిలోకు పైబడిన రాళ్ళు పడినట్లు ప్రపంచ వాతావరణ సంస్థ గుర్తించినది. పలకలకు నిత్యశత్రువు మాత్రము వడగల్లు కాదు, దుమ్ము. దుమ్ము కడుగుటకు నీరు కావలెను. నీరు లేని తాలూకా ఇది. అందుచే భరణి వాన ఇప్పుడు దుక్కికి గాక పలకలు కడుగుటకు పనికివచ్చు ఎకరములును పావగడలో నున్నవి. కౌలు సొమ్ము ముట్టినవారు దీనిని గూర్చి చింతింపరు. గొఱ్ఱెలు మేపుకొనుచు భూమి లేక కౌలును లేనివారి మాట వేఱు.

పిడుగును గూర్చి రెండు మాటలు చెప్పి ముగించెదను. ప్రాణము తీయునది వడగల్లు కంటె, గాలికంటె పిడుగే. 1888 ఏప్రిల్ 30వ తేదీన మొరాదాబాదు ప్రాంతమున వడగండ్లకు 246 మంది మరణించిరన్న మాట నిజమే కాని, అట్టివి శతాబ్దమునకొకటి. పిడుగు ప్రతి వేసవియందును పొలములలో, గుట్టలపై, చెట్ల క్రింద మనుష్యులను, గొఱ్ఱెలను చంపుచున్నది. మేఘములోని మంచుగుళికలు ఒండొంటిని రాచుకొనుటవలననే విద్యుత్తు పుట్టును. కావున వడగండ్ల మేఘము పిడుగుల మేఘము కూడ. చెట్టు లేని సీమలో ఒంటిగా నిలిచిన చింతచెట్టు క్రిందికి పరుగిడుట ఎంత సహజమో అంత అపాయము. మెఱుపు కనబడిన పిమ్మట ఉఱుము వినబడు వఱకు సెకనులు లెక్కించి మూడుతో భాగించినచో పిడుగు ఎన్ని కిలోమీటర్ల దూరమున నున్నదో తెలియును. లెక్క ముప్పది సెకనులకు లోపలనున్నచో పొలమున ఉండరాదు. కడపటి ఉఱుము వినబడిన తరువాత అరగంట గడచువఱకు తిరిగి పోరాదు. చేతిలో ఫోను గలవారికి పూనాలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థవారి “దామిని”, కర్ణాటక రాష్ట్ర విపత్తు పర్యవేక్షణ కేంద్రమువారి “సిడిలు” అనునవి పిడుగు హెచ్చరికలను అందించును. మన సీమవారికి ఇందులో ఒక చిక్కు కలదు. తెలుగు పత్రికలు చదువువారు అమరావతి వాతావరణ కేంద్రమువారి సూచనలను మాత్రమే చూచుదురు. పావగడ బెంగుళూరు కేంద్రపు పరిధిలోనిది. మేఘము మడకశిరలో పుట్టి పావగడలో కురియవచ్చును; పావగడలో పుట్టి కళ్యాణదుర్గమున కురియవచ్చును. చైత్రము మొదలుకొని మృగశిర కార్తె ప్రవేశించువఱకు శ్రీ సత్యసాయి జిల్లాకు వచ్చిన హెచ్చరికను, తుమకూరు జిల్లాకు వచ్చిన హెచ్చరికను రెండింటిని మధ్యాహ్న భోజనమునకు ముందే చూచుకొని పొలమునకు పోవుట మంచిది.